రెండిళ్ల గూడు

మా గదికీ పక్క గదికీ నడుమ గోడలో ఒక గూడు ఉండేది. అందరి ఇళ్లలో ఉండే గూడు లాంటిది కాదు. మామూలు గూటికి వెనక గోడ ఉంటుంది. దీనికి లేదు. ఇటు నుంచి చెయ్యి పెడితే అటు తేలేది. అందుకే దాన్ని ఆర్‌పార్ గూడు అనేవాళ్లం.

ఆ ఇళ్లను నారాయణఖేడ్‌లో లైన్ అంటారు. నిజాం కాలంలో కచ్చేరి నౌకర్ల కోసం సర్కారు కట్టించినవి. పన్నెండు గదులు ఒకే వరసలో. ముందర అందరికీ కలిపి ఒకటే వరండా, ఆ చివర నుంచి ఈ చివర దాకా. ప్రతి గది వెనక ఒక చిన్న వంటిల్లు, దాని మూలకు స్నానానికీ గిన్నెలకూ మోరి. వరండాకు పెంకులు. గదులకు మాత్రం గడ్డర్ల కప్పు. రెండు మూరలకొకటి ఇనుప గడ్డరు వేసి, గడ్డరుకూ గడ్డరుకూ నడుమ ఇటుకల్ని విల్లులా వంచి పేర్చారు. వెల్లకిలా పడుకొని చూస్తే నాలుగు దోనెలు బోర్లించి పెట్టినట్టు కనబడేది. నా పిల్లలిద్దరినీ ఆ దోనెలు లెక్కపెట్టిస్తూనే నిద్రపుచ్చాను. గోడకు పైన, చెయ్యందని ఎత్తులో, రోషన్‌దాన్ ఒకటి. పొద్దున దాంట్లోంచి ఎండ వచ్చి గూడున్న గోడ మీద రొట్టె అంత పడేది. అది గూటి దాకా దిగిందంటే మా ఆయన ఆఫీసుకు బయలుదేరే టైమయిందని.

గోడలు మూరెడు మందం. మా దిక్కు దొరికే ఎర్ర రాయి, అంతా బొక్కలు బొక్కలుగా ఉంటుంది. ఇటొక వరస రాయి, అటొక వరస రాయి, నడుమ చిన్న రాళ్లు పోసి గచ్చు కూరారు. గచ్చంటే గానుగలో నూరిన సున్నం. అందుకే ఎండకాలం మధ్యాహ్నం కూడా లోపల మట్టికుండ పక్కన కూర్చున్నట్టు ఉండేది.

గూడు ఎందుకు పెట్టారంటే, దీపం కోసం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో లైన్‌లో ఒక ముసలామె చెప్పింది. కరెంటు లేని రోజుల్లో రెండు గదులకు ఒకటే దీపమట. రెండిళ్లకొకటి చొప్పున ఆరు గూళ్లు, ఆరు దీపాలు. ఒక వారం ఈ ఇంటివాళ్ల నూనె, ఒక వారం ఆ ఇంటివాళ్లది. నూనె మిగులుతుందని సర్కారు అట్లా కట్టిందని ఆమె అనేది. కట్టినవాడి మనసులో ఏముందో ఎవరికి తెలుసు. గూటికి రెండు దిక్కులా జానెడు గుడ్డ వేలాడదీసుకునేవాళ్లు. దీపం పెట్టినప్పుడు గుడ్డ తీస్తారు, లేనప్పుడు దించుతారు. ఎవరూ అటు తొంగిచూడరు.

నేను వచ్చేసరికి కరెంటు వచ్చింది, దీపం పని తప్పింది. కానీ గూడు పని తప్పలేదు. ఉప్పు, అగ్గిపెట్టె, వేడివేడి జొన్నరొట్టె, పిల్లల మందు సీసా, అన్నీ దాంట్లోంచే వచ్చేవి, పోయేవి. దానికొక కట్టుబాటు ఉంది. గూట్లోంచి వచ్చిన గిన్నె గూట్లోంచే పోవాలి. చేతిలో పట్టుకొని వరండాలోంచి పోతే పన్నెండు గదుల కళ్లు దాని మీద పడతాయి. ఎవరింట్లో ఏం వండారో, ఎవరింట్లో ఏం నిండుకుందో అందరికీ తెలుస్తుంది. అందుకని ఎప్పటివాళ్లో పెట్టుకున్న పద్ధతి. అత్తలు కోడళ్లకు చెప్పేవాళ్లు. నాకు అత్త లేదు. నాకు చెప్పింది పక్కింటి అక్క.

అక్క నాకంటే పదేండ్లు పెద్ద. మా ఆయనా, ఆమె భర్తా ఒకే ఆఫీసులో అటెండర్లు. ఆమెకు పిల్లలు లేరు. ఒకరోజు ఆఫీసులో ఫైళ్లు మోస్తూ మోస్తూ ఆమె భర్త కూలబడ్డాడు, దవాఖానకు చేరకముందే పోయాడు. అప్పటి పెద్ద సారు మంచివాడు. ‘ఊడ్చుకుంటూ ఉండనీ’ అన్నాడు. ఆ ఒక్క మాట మీద అక్క ఆ గదిలో ఉండిపోయింది. పొద్దున ఆఫీసు ఊడ్చేది, కుండలు నింపేది, మధ్యాహ్నానికి వచ్చేది. గది తనదని చెప్పే కాగితం ఆమె దగ్గర లేదు. సార్లు మారుతూ పోయారు, ఎవరూ అడగలేదు. నా ఇద్దరు పిల్లలు ఆ గూట్లోంచి చెయ్యి చాపి ‘పెద్దమ్మా’ అంటే, ఆ చేతిలో బెల్లంముక్కో పుట్నాలో పడేవి. వాళ్లు పెరిగి ఎవరి సంసారాలు వాళ్లు పెట్టుకున్నాక కూడా అక్కా నేనూ పని చేసుకుంటూ గూటితోనే మాట్లాడుకునేవాళ్లం. ముఖాలు కనబడవు. అటు చేటలో బియ్యం చెరిగే చప్పుడు, ఇటు నా కత్తిపీట చప్పుడు, నడుమ మాటలు.

మిగతా ఐదు గూళ్లూ ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఒకరు అల్మారా పెట్టుకున్నారు, ఒకరు కూలరు పెట్టుకున్నారు. చివరికి మాదొక్కటే మిగిలింది. దాన్ని మూయించింది నేనే.

మా చెల్లె కల్హేర్‌లో ఉంటుంది. కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకుంది. ఒకరోజు వచ్చి మా గది గోడకు ఆనుకొని కూర్చుంది. లేచేసరికి వీపంతా తెల్లగా సున్నం పొడి.

“అక్కా, మీ గోడకు సుండ్రు వట్టిందే! తల గోకినట్టు రాల్తుంది గదా” అని పడీ పడీ నవ్వింది. “గింత సిమెంటు పూయించుకోరాదు? ఇంకెన్ని దినాలుంటరు బర్ల లెక్క ఈ దొడ్డిల?”

దొడ్డి అన్న మాట నాకు తగిలింది. నిజానికి సున్నం పొడి అప్పటికే అన్నంలో కూడా పడుతుండేది. కానీ తగిలింది మాత్రం ఆ మాటే. వారం తిరక్కుండా మేస్త్రిని పిలిపించాను.

మేస్త్రి పెద్దవాడు, సున్నం పని తెలిసినవాడు. చిన్నప్పుడు తండ్రి వెంట గానుగ తిప్పాడట. వచ్చి గోడ మీద అరచెయ్యి పెట్టి, ఆవు పొట్ట చూసినట్టు చూశాడు.

“బిడ్డా, దీనికి సిమెంటు వద్దు. ఇది సున్నం గోడ. వానకాలం నీళ్లు తాగుతది, ఎండకాలం ఇడుస్తది. మూతి మూస్తే ఏడికెల్లి ఇడువాలె?”

“గోడకు మూతేందే మేస్త్రీ? ముక్కు గూడ ఉంటదా?”

“నవ్వు, నవ్వు. ముక్కు ఉన్నదో లేదో అదే చెప్తది. నా మాటిని గచ్చు పూయించుకో. పది దినాలు వడ్తది. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి...”

“చాయల పోసుకుంటందుకే బెల్లం లేదు నాకు. గోడకు తాపాల్నా?”

వరండాలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పని చేయించుకునేదాన్ని నేను. మేస్త్రి సిమెంటు కలిపాడు. గూటి దగ్గరికి వచ్చి ఆగాడు. “దీన్నేం జెయ్యాలె?” అన్నాడు. అంచుల దగ్గర సిమెంటు నిలవదట, పగుళ్లు వస్తాయట. “మూసెయ్. ఆడ టీవీ పెడ్త” అన్నాను. సర్కారు గోడ కదా, ఎవరినైనా అడగాలా అన్న ఆలోచన మాకు రాలేదు. ఇంటికి మేలే చేస్తున్నాం అనుకున్నాం.

అక్క అప్పుడు ఆఫీసులో ఉంది. ఆమె వచ్చేసరికి ఇటుకలు పెట్టి, పైన పూత పూయడం కూడా అయిపోయింది. కాసేపటికి గోడ అవతల నుంచి ఆమె గొంతు వచ్చింది. బావిలోంచి వచ్చినట్టుంది.

“పిల్లా, గూడేమైందే?”

“మూయించిన అక్కా. సున్నం రాల్తుందని.”

“ఒక్క మాట అడుగకనే?”

“నా దిక్కే గద మూయించిన.”

“గూటికి నా దిక్కు, నీ దిక్కు ఉంటదా పిల్లా?”

తడి సిమెంటు వాసన బాగుందనిపించింది ఆ పూట. గోడ అద్దంలా ఉంది.

ముందు రోజే నేను పుంటికూర పప్పు గిన్నెతో సహా గూట్లోంచి ఇచ్చాను. నా పెండ్లికి పెట్టిన గిన్నె, అంచుకు చిన్న సొట్ట ఉంటుంది. అది అక్క దగ్గరే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె వరండాలో కూర్చొని నాతో మాట్లాడేది, నవ్వేది, జ్వరమొస్తే కషాయం తెచ్చేది. గిన్నె మాత్రం తేలేదు. ఒకసారి ఏదో పని మీద ఆమె గదికి పోతే పీట మీద తోమి బోర్లించి కనబడింది. దాంట్లో ఏమీ వండదు, పెట్టదు. నేను అడగలేదు. ఆమె ఇవ్వలేదు. దారి మూసింది నేనే కదా, ఎట్లా అడగను.

ఆరు వానకాలాలు గడిచాయి. గడ్డర్ల కప్పు మీద గచ్చు ఎక్కడో నెర్రెలు బాసింది. నీళ్లు లోపలికి దిగి, దిగి, గోడ నడుమ చేరాయి. మా దిక్కు సిమెంటు నున్నగా మెరుస్తూనే ఉంది, ఒక్క చెమ్మ మచ్చ లేదు. అంతా అటే పోయింది. అక్క దిక్కు సున్నం పిండిలా రాలింది, రాళ్లు ఒకటొకటే ముందుకు తోసుకొచ్చాయి. ఆమె మంచాన్ని గోడ దగ్గర నుంచి జరిపింది. మళ్లీ జరిపింది. చివరికి మంచం తలుపుకు అడ్డమొచ్చింది.

మళ్లీ ఆ మేస్త్రినే పిలిచాను. ఈసారి అక్క గదిలోకి. దారానికి కట్టిన గుండు పై నుంచి వదిలాడు. గుండు కింద ఒక చోట, గోడ ఇంకో చోట. నడుమ ఉబ్బు. దారం చుట్టుకుంటూ అలవాటుగా అనేశాడు.

“గోడకు కడుపొచ్చింది.”

మేస్త్రుల మాట అది. గోడ ఉబ్బితే వాళ్లు అట్లాగే అంటారు. అన్నాక అక్క వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. అక్కే ముందు నోరు తెరిచింది.

“గోడకైన వచ్చింది, పోనీ.”

“తప్పైంది అక్కా. మా పని మాట అది.”

“తప్పేముంది? ఎన్నో నెల మేస్త్రీ?”

“నెలలు నిండినయ్.”

ముగ్గురం నవ్వాం. అక్క నవ్వుతూనే పొయ్యి చూసొస్తానని వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించి లేదని నాకు తెలుసు.

వరండాలోకి వచ్చాక మేస్త్రిని అడిగాను, ఎట్లయింది ఇట్లా అని.

“ఎట్లైందంటవేంది? ముక్కు మూసినవ్. నీళ్లు ఆమె దిక్కు ఎల్లినయ్.”

“ఇప్పుడేం జెయ్యాలె?”

“నీ దిక్కు సిమెంటంత కొట్టేయాలె. గూడు దెరువాలె. కప్పు కింద గుంజలు పెట్టి, ఉబ్బిన కాడ రాళ్లు దీసి, మళ్ల గచ్చుతోని పేర్వాలె. మిగిలిన గోడలు చూసిన, ఏం గాలే వాటికి. లైన్‌కు ఇంకో నూరేండ్ల దాక ఢోకా లేదు. కని గుంజలు పెట్టాలంటే సార్లకు చెప్పాలె. సర్కారు కప్పు గదా.”

అంతే. చెప్పడమొక్కటే పని. సార్లకు చెబితే అక్క గది నిలబడుతుంది. ఆ సాయంత్రం మా ఆయనకు చెప్పాను. అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

“సర్కారు గోడ నేనే ఖరాబు చేసిన అని నా నోటితోని చెప్పాల్నా? రిటైరుకు ఆర్నెల్లున్నది. కాగితాలన్ని ఇప్పుడే కదుల్తున్నయ్. ఎవడన్న ఒక్క అర్జీ రాస్తే నా పింఛను ఆడనే పండుకుంటది. గూడు మూయుమన్నది నువ్వు, నేనా?”

చివరి మాట నిజమే. ఆయన భయం ఆయనది. నా భయం కూడా అదే అని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

గోడ గురించి ఎవరో ఆఫీసులో చెప్పారు. ఇంజనీరు వచ్చింది. చిన్న వయసు పిల్ల, మా చిన్నబిడ్డ అంత ఉంటుంది. అక్క గది చూసింది, మా గది చూసింది. వేళ్లతో మా సిమెంటు మీద టక టక కొట్టింది. చెవి పెట్టి విన్నది.

“అమ్మా, ఈ గోడకు ఎప్పుడైనా ఏదైనా పని చేయించారా?”

నన్నే అడిగింది. మా ఆయన ముందుకొచ్చాడు.

“ఏం లేదు మేడం. మేం వచ్చినప్పటికెల్లి గిట్లనే ఉన్నది. పాత గోడ గదా.”

ఆ పిల్ల ఇంకా నా మొహమే చూస్తోంది. తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది, చేతిలో చీపురు. అక్క కూడా నన్నే చూస్తోంది. నేను కొంగుతో టీవీ మీద దుమ్ము తుడిచాను. దుమ్ము లేదు. అయినా తుడిచాను.

“కారణమేదైనా ఉంటే అక్కడి వరకు రిపేరు చేయొచ్చు అనుకున్నా” అంది ఇంజనీరు, వెంట వచ్చినతనితో. “ఏ కారణమూ లేకుండా ఇంత ఉబ్బిందంటే అన్ని గోడల్లోనూ గచ్చు చచ్చిపోయినట్టే. మొత్తం ఖాళీ చేయించాలి.”

పన్నెండు తలుపుల మీద ఎర్ర రంగుతో కొట్టివేత గుర్తు వేసి పోయారు. ఒక్క గోడ రోగం నేను దాచిపెడితే, పన్నెండు గోడలకు ఆ రోగం అంటగట్టారు.

ఊరి బయట కొత్తగా కట్టిన మూడంతస్తుల ఇళ్లలో మాకు గదులిచ్చారు. కాగితం ఉన్నవాళ్లకు. అక్క ఆఫీసులో నాలుగు బల్లల దగ్గరికి పోయి నిలబడింది. మాట ఇచ్చిన సారు ఎప్పుడో బదిలీ మీద పోయాడు, ఆ తర్వాత లోకం నుంచే పోయాడు. చివరికి నాగల్‌గిద్ద దగ్గర తమ్ముడి ఊరికి పోతానంది. “ఆడ అందరు కన్నడమే మాట్లాడ్తరు. నేను మర్సిపోయిన. ఇగ బర్రెతోని మాట్లాడుకోవాలె” అని వరండాలో అందరినీ నవ్వించింది.

మా సామాను మొదటి ఆటో వెంట మా ఆయన పోయిన రోజు, నేను గొడ్డలి తీసుకున్నాను. టీవీ అప్పటికే ఆటోలో పోయింది. దాని వెనక సిమెంటు మీద చతురస్రంగా మచ్చ మిగిలింది. అక్కడే కొట్టడం మొదలుపెట్టాను. గోడ మీద పడుతుందన్న భయం లేకపోలేదు. కానీ గూటి మీద చిన్న రాతి కమాను ఉందని, బరువంతా అదే మోస్తుందని మేస్త్రి గూడు మూసిననాడు చెప్పిన సంగతి గుర్తుంది. సిమెంటు పెచ్చులుగా ఊడింది. ఇటుకలు మూడు ఇటు లాగాను. నాలుగోది కదిలించేలోపే అటు నుంచి ఎవరో లాగారు.

గూట్లోంచి వెలుతురు వచ్చింది. అక్క చెయ్యి కనబడింది. గాజుల్లేని చెయ్యి, వేళ్ల నిండా సున్నం. మొహం కనబడలేదు.

“అక్కా” అన్నాను. “నేను సిమెంటు పూయించినందుకే అయ్యింది ఇది. మేస్త్రి చెప్పిండు. ఆ దినం ఇంజనీరుకు చెప్తే నీ గది ఉండేది. నేను చెప్పలే.”

ఆ చెయ్యి ఇంకో ఇటుకను అటు లాగేసింది.

“నాకు తెల్వదానే పిల్లా? మేస్త్రి నీకంటె ముందల, గూడు మూసిన నాడే నాకు చెప్పిండు.”

“మరి నువ్వెందుకు చెప్పలే?”

“నువ్వు చెప్తవేమోనని చూసిన.”

కోపంగా అనలేదు. ‘కూరలో ఉప్పు సరిపోయిందా’ అని అడిగినట్టు అంది. ఆ తర్వాత గూట్లోకి ఏదో జరిగింది. గీసుకుంటూ, చిన్నగా చప్పుడు చేస్తూ నా వైపు వచ్చింది. అంచుకు సొట్ట ఉన్న నా పెండ్లి గిన్నె. తళతళా తోమి ఉంది. నేను కొట్టిన దెబ్బలకు రాలిన సున్నం పొడి మాత్రం అడుగున పడింది.

“తీస్కో. దారి దొరికింది గద” అంది.

తీసుకున్నాను. అక్క గూటికి వేలాడదీసే గుడ్డ కోసం వెతికినట్టుంది. ఏ గుడ్డా దొరకలేదేమో, చీపురు కట్టను గూటికి అడ్డంగా నిలబెట్టింది. అటు వెలుతురు సన్నగా, చారలు చారలుగా మాత్రమే వచ్చింది.

మరునాడు, మా మిగిలిన సామాను కదలకముందే, అక్క బస్సెక్కింది. నేను వరండాలోకి రాలేదు. లోపలే కూర్చొని, అటు తలుపు మూసిన చప్పుడు విన్నాను, తాళం వేసిన చప్పుడు మాత్రం రాలేదు. తాళం వేయడానికి ఇక ఏముంది అక్కడ.